ఇళ్ళు, కాలువలు, కరెంటు స్తంభాల దగ్గర గరుసు తవ్వేముందు గట్టు నిలకడ చూసుకోవడం ఎలా

మే నెలలో అనంతపురం చుట్టుపక్కల ఏ గరుసు గుంతను చూసినా గోడలు నిట్టనిలువుగా, గునపం దిగనంత గట్టిగా ఉంటాయి. నాలుగైదు మీటర్ల ఎత్తున ఏళ్ళ తరబడి అలాగే నిలబడినవీ ఉంటాయి. ఆ గట్టిదనాన్ని నమ్మవద్దు. గులకల మధ్య ఉన్న సన్న మట్టిలో మిగిలిన కాస్త తేమే రేణువులను దగ్గరకు లాగి పట్టుకుని ఉంటుంది. ఆ సందుల్లో నీళ్ళు నిండగానే ఆ పట్టు పోతుంది. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉండటంతో గోడ ఎక్కువ కాలం ఎండగానే ఉంటుంది, చూసేవాళ్ళకు ధైర్యం వస్తుంది. కానీ అక్టోబరు, నవంబరులో అల్పపీడనం పట్టుకుంటే నాలుగు రోజుల్లోనే లోపలిదాకా నానిపోతుంది. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయిన నాటి వానల వంటివి ఎప్పుడైనా రావచ్చు. అందుకే గోడ నిలుస్తుందా లేదా అన్న అంచనా ఎప్పుడూ తడిసిన మట్టికే వేయాలి.

కింది పద్ధతి కొత్తగా గుంత తవ్వబోయేవాళ్ళకూ, ఊరి పక్కన ఇప్పటికే పాత గుంత ఉన్నవాళ్ళకూ పనికొస్తుంది. కావాల్సినవి: 30 మీటర్ల టేపు, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, తూకుగుండు, ముగ్గుపిండి, రెండడుగుల మేకులు ఓ ఇరవై, 4.75 మిల్లీమీటర్ల జల్లెడ, బకెట్, లీటరు బాటిల్. ఇద్దరు ఉండాలి. ఒకరు కొలుస్తుంటే రెండోవారు గట్టు పైభాగాన్ని గమనిస్తూ ఉండాలి. నిటారు గోడ కింద నిలబడి ఏ కొలతా తీయకండి.

1. గుంత నుంచి కాదు, కట్టడం నుంచి మొదలుపెట్టండి

తవ్వే చోటు చుట్టూ వంద మీటర్ల లోపు ఉన్న ప్రతిదాన్నీ కాగితం మీద గీయండి. ఇల్లు, బడి, గుడి, ట్యాంకు, కల్వర్టు, కరెంటు స్తంభం, దాని స్టే వైరు, మంచినీళ్ళ పైపు, చెరువుకట్ట, కాలువగట్టు, రైలు పట్టా అన్నీ రావాలి. మరుగుదొడ్డి ఇంకుడుగుంతలను కూడా గుర్తించండి, నీళ్ళ సంగతి వచ్చినప్పుడు వాటితో పని ఉంటుంది.

దూరం కొలిచేటప్పుడు కంటికి కనిపించే గోడ నుంచి కొలవకూడదు, భూమిలో ఉన్న పునాది అంచు నుంచి కొలవాలి. ఈ తేడా ఎక్కువగా గాలిమరల దగ్గర దెబ్బతీస్తుంది. వజ్రకరూరు, ఉరవకొండ వైపు కనిపించే గాలిమర స్తంభం అడుగున నాలుగైదు మీటర్ల వెడల్పే ఉన్నా, దాని కాంక్రీటు పునాది మట్టి కింద 15 నుంచి 20 మీటర్ల వెడల్పున పరుచుకుని ఉండొచ్చు. సిమెంటు కరెంటు స్తంభం మామూలుగా తన పొడవులో ఆరో వంతు మాత్రమే నేలలో ఉంటుంది కాబట్టి పక్కన ఒక మీటరు మట్టి తీసినా దాని నిలకడ తగ్గిపోతుంది. హంద్రీ-నీవా, కేసీ కాలువ, తుంగభద్ర ఎగువ కాలువ లాంటి వాటి దగ్గర నీటి అంచు నుంచి కాకుండా గట్టు బయటివైపు అడుగు నుంచి కొలవండి. చెరువుకట్టకూ అంతే.

ఇప్పటికే ఉన్న బీటలను పని మొదలుకాకముందే నమోదు చేయండి. బీట రెండు కొనల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి, తేదీ రాసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. తర్వాత ఆ బీట పెరిగిందా, పాతదేనా అన్న వాదన వస్తే ఇది తప్ప వేరే ఆధారం ఉండదు.

చట్టం దూరం ఇక్కడే చూసుకోవాలి. మెటలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్, 1961 లోని 109వ నిబంధన ప్రకారం రైలు మార్గానికీ, ప్రజా రహదారికీ, గని యజమానిది కాని భవనానికీ, శాశ్వత కట్టడానికీ 45 మీటర్ల లోపు రాతపూర్వక అనుమతి లేకుండా తవ్వకూడదు. అయితే 45 మీటర్లు వదిలేస్తే ఇక భయం లేదనుకోవద్దు. లోతూ, నీళ్ళూ కలిస్తే ఆ దూరమూ చాలని సందర్భం ఉంది, అది లెక్కలో తేలుతుంది.

2. మట్టిని నాలుగు వైపులా చూడండి

గుంతకు నాలుగు గోడలూ ఒకేలా ఉండవు. ఒకవైపు బాగుందని మిగతా మూడూ బాగుంటాయనుకోవడమే చాలా ప్రమాదాలకు మొదలు. కనీసం మూడు చోట్ల, తవ్వాలనుకున్న లోతు వరకు పరీక్ష గుంతలు తీయించి పై నుంచి ఏ పొర ఎంత మందం ఉందో రాసుకోండి. ఆ గుంతల్లోకి మనిషిని దించవద్దు. బకెట్‌లో వచ్చిన మట్టిని బయటే చూడండి.

అనంతపురం వైపు గరుసు ఎక్కువగా గ్రానైటు, నైసు రాయి కుళ్ళి ఏర్పడినది. రాయి మట్టిగా మారినా పాత పగుళ్ళు లోపల అలాగే మిగిలి ఉంటాయి. పెళ్ళ విరిగేది వాటి వెంబడే. పగుళ్ళలో తెల్లటి సుద్ద పొర కనిపిస్తే అది తడిసినప్పుడు సబ్బులా జారుతుంది. గోడలో ఇరుక్కున్న గుండ్లు ఇంకో ప్రమాదం. చుట్టూ ఉన్న మెత్తటి మట్టి వానకు కరిగిపోయాక గుండు ఒక్కసారిగా దొర్లుతుంది.

కడప వైపు గుట్టల అడుగున షేలు, క్వార్ట్‌జైటు పొరలుంటాయి. ఈ పొరలు పేరుకున్న కడప బేసిన్ (పల్లపు ప్రాంతం) నైరుతి అంచున పొరలు చాలావరకు ఈశాన్యం వైపు వాలి ఉంటాయి. అంటే గుంతకు నైరుతి గోడలో పొరలు గుంతలోకే వాలుతాయి, ఈశాన్యపు గోడలో గుంతకు దూరంగా వాలుతాయి. రెండూ ఒకే కోణంలో కోసినా మొదటిది జారుతుంది, రెండోది నిలుస్తుంది. స్థానికంగా వాలు మారుతుంది కాబట్టి మీ గుంతలో పొర ఎటు వాలిందో స్వయంగా చూడండి. పొర మీద నీళ్ళు పోసి అవి ఎటు పారితే అటే వాలు. కట్టడం ఉన్న వైపు గోడలో పొరలు గుంతలోకి వాలి ఉంటే కింద చెప్పే లెక్క అక్కడ చెల్లదు. ఇంజనీరు లేకుండా ఆ వైపు తవ్వవద్దు.

కర్నూలు, నంద్యాల వైపు గరుసు కింద సున్నపురాయి రావచ్చు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు ఆ రాతిలో నీళ్ళు తొలిచినవే. గుంత అడుగున వాననీళ్ళు నిలవకుండా ఒకే చోట ఇంకి మాయమవుతుంటే కింద బొరియ ఉందని అనుమానించి అక్కడ మెషీన్ నిలపకండి.

3. బకెట్, బాటిల్, కుప్ప

ఈ మూడు పరీక్షలకు ఒక పూట చాలు.

గోడ నుంచి పిడికెడంత గడ్డ తీసి రెండు రోజులు ఎండబెట్టి, నీళ్ళ బకెట్‌లో మెల్లగా వదలండి. పది నిమిషాల్లో పొడిగా విడిపోతే ఆ గోడకు అసలు పట్టు లేదు, ఎండ వల్ల నిలబడి ఉంది. గంట తర్వాత కూడా గడ్డగానే ఉంటే బంకమట్టి గానీ, ఇనుము, సున్నం గానీ అతుకు వేసిందని అర్థం.

ఇంకో రెండు కిలోల మట్టిని ఎండబెట్టి 4.75 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. పైన మిగిలింది గులక, దిగింది ఇసుక, సన్న మట్టి. దిగినదాన్ని బాటిల్లో మూడో వంతు పోసి, నీళ్ళు నింపి, చిటికెడు ఉప్పు వేసి రెండు నిమిషాలు గట్టిగా కుదిపి నిలబెట్టండి. ఇసుక నిమిషంలోపే దిగుతుంది, మిగతా సన్న మట్టి తెల్లారేదాకా దిగుతూ ఉంటుంది. మొత్తం మట్టిలో ఈ సన్న మట్టి ఎనిమిదో వంతుకు మించి ఉంటే నీళ్ళు త్వరగా బయటికి పోవు, గోడ లోపలే నిలుస్తాయి. మన గరుసులో చాలావరకు ఈ రకమే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. పిడికిలి కంటే పెద్ద రాళ్ళు ఏరేసి, ఎండిన మట్టిని గరుకు నేల మీద తట్టలతో ఒకే చోట మెల్లగా పోస్తూ కుప్ప చేయండి. కుప్ప ఎత్తునూ, నడిమి నుంచి అంచు వరకు ఉన్న దూరాన్నీ కొలిచి, ఎత్తును దూరంతో భాగించండి. ఒక మీటరు ఎత్తు కుప్పకు దూరం 1.43 మీటర్లు వస్తే భాగఫలం 0.70, అంటే 35 డిగ్రీలు. ఐదుసార్లు పోసి, వచ్చినవాటిలో చిన్నదాన్ని కుప్ప అంకెగా తీసుకోండి. సగటు తీయకండి. గోడలో బిగిసి ఉన్న మట్టి ఇంతకంటే బలంగానే ఉండొచ్చు, కానీ కట్టడం పక్కన లెక్క వేసేటప్పుడు ఆ అదనపు బలాన్ని వదిలేయడమే మంచిది.

ల్యాబులో చేయించగలిగితే గులక ఉన్న మట్టికి ఐఎస్ 2720 (మట్టి పరీక్షల భారత ప్రమాణం) లోని 39వ భాగం ప్రకారం పెద్ద పెట్టెలో షియర్ పరీక్ష (మట్టి జారకుండా ఎంత తట్టుకుంటుందో చూసేది) అడగండి. 13వ భాగంలోని చిన్న పెట్టెలో 4.75 మిల్లీమీటర్ల లోపు రేణువులే పడతాయి. గులక తీసేసి పరీక్షిస్తే అది మీ గోడ అంకె కాదు. నమూనాను నానబెట్టాకే పరీక్షించమని కాగితం మీద రాసివ్వండి.

4. నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి

గోడ మీద అడ్డంగా తడి గీత, ఎండలోనూ పచ్చగా ఉండే గడ్డి కుదుళ్ళు, ఉప్పు పేరుకున్న తెల్లటి చార కనిపిస్తే ఆ ఎత్తులో నీళ్ళు బయటికి వస్తున్నాయని అర్థం. కాలువ పక్కన అయితే కాలువలో నీళ్ళు పారుతున్నప్పుడు చూడాలి. నీళ్ళు ఆపిన రోజుల్లో చేసిన అంచనా పనికిరాదు. పైన తోట ఉంటే తడి పెట్టిన మరుసటి రోజు చూడండి. ఇళ్ళ వైపు గోడలో తడి కనిపిస్తే ముందు గుర్తించిన ఇంకుడుగుంతలనూ, లీకయ్యే ట్యాంకునూ అనుమానించండి.

వంక దారిని మూసి గుంత తీసిన చోట్ల వరద గట్టు మీద నుంచే దూకుతుంది. అలాంటి చోట పైన మళ్ళింపు కాలువ తీసేదాకా అంచనా వేయడమే దండగ.

5. లెక్క

గోడ ఎత్తును లెవెల్ పైపుతో, అడుగు నుంచి పై అంచు వరకు అడ్డదూరాన్ని టేపుతో కొలవండి. ఎత్తును అడ్డదూరంతో భాగిస్తే గోడ అంకె వస్తుంది. కుప్ప అంకెను గోడ అంకెతో భాగిస్తే వచ్చేదే భద్రతా గుణకం, అది ఒకటికి తగ్గితే గోడ జారుతుంది. పట్టు లేని మట్టికి ఇది సరైన లెక్కే.

కుప్ప అంకె 0.70 అనుకుందాం. ఎత్తు ఒకటికి వెడల్పు ఒకటి ఉన్న 45 డిగ్రీల గోడకు గుణకం 0.70. అంటే ఎండలో నిలబడుతుంది, తడిస్తే జారుతుంది. ఒకటికి ఒకటిన్నర అయితే 1.05, అంటే అంచు మీద ఉన్నట్టే. ఒకటికి రెండు అయితే 1.40. ఒకటికి రెండుంపావు అయితే 1.58. చుట్టూ ఏమీ లేని చోట తాత్కాలికంగా 1.3 చాలు. కట్టడం ఉన్న వైపు 1.5కు తగ్గనివ్వకూడదు. కాబట్టి ఈ మట్టికి కట్టడం వైపు వాలు ఒకటికి రెండుంపావు.

నీళ్ళు వాలు వెంబడి పారుతూ గోడ పూర్తిగా నానితే గుణకం దాదాపు సగానికి పడిపోతుంది. కిందికి లాగే బరువు పూర్తిగా ఉంటుంది, రాపిడిని ఇచ్చే బరువులో సగాన్ని నీళ్ళు మోస్తాయి. అందుకే తడి గీత కనిపించిన గోడకు కుప్ప అంకెను సగం చేసి లెక్కవేయండి. 0.35 తీసుకుంటే 1.5 గుణకానికి వాలు ఒకటికి 4.3 కావాలి.

ఇప్పుడు దూరం. గుంత అడుగు నుంచి పునాది అంచు వరకు ఉండాల్సింది వాలు వెడల్పు, దానికి తోడు పైన ఖాళీగా వదిలే కనీసం ఐదు మీటర్లు. ఆరు మీటర్ల లోతుకు పొడి గోడ అయితే 13.5కు ఐదు కలిపి 18.5 మీటర్లు. కాలువ ఊట ఉన్న చోట పది మీటర్లు దిగితే 43కు ఐదు కలిపి 48 మీటర్లు. గుంత అడుగు నుంచి కొలిస్తే చట్టం చెప్పిన 45 దాటిపోయింది. రెండిట్లో ఏది ఎక్కువైతే అది పాటించండి. ఆ గీతను ముగ్గుపిండితో గీసి, మేకులు కొట్టి, పొక్లెయిన్ ఆపరేటరుకు చూపించండి. కాగితం మీద గీత ఆపరేటరుకు కనబడదు.

ఈ లెక్క చాలని చోట్లు ఉన్నాయి. జిగటమట్టి మందంగా ఉన్నా, పొరలు గుంతలోకి వాలినా, లోతు ఆరు మీటర్లు దాటినా, పక్కన చెరువుకట్ట, కాలువ, రైలు, టవరు ఉన్నా జియోటెక్నికల్ ఇంజనీరు (మట్టి, పునాదుల నిపుణుడు) చేత విశ్లేషణ చేయించాలి. మీరు తీసిన కొలతలూ, పొరల పట్టికా ఆయన చేతికిస్తే సగం పని అయిపోయినట్టే.

6. బెంచీల్లో జరిగే పొరపాటు

గరుసు, మొరం లాంటి నేలలో వాలు 45 డిగ్రీలకు మించకూడదనీ, లేదా బెంచీలుగా, అంటే మెట్లుగా, తవ్వితే ఒక్కో బెంచీ ఎత్తు 1.5 మీటర్లకు మించకుండా, వెడల్పు ఆ ఎత్తుకు తగ్గకుండా ఉండాలనీ అవే రెగ్యులేషన్స్‌లోని 106వ నిబంధన చెబుతుంది. ఇది గరిష్ఠ పరిమితి. కట్టడం పక్కన దీన్నే కొలతగా తీసుకుంటే చిక్కు వస్తుంది.

నాలుగు బెంచీలు, ఒక్కోటి 1.5 మీటర్ల ఎత్తు, 1.5 మీటర్ల వెడల్పు అనుకోండి. మొత్తం ఎత్తు ఆరు మీటర్లు, మధ్యలో వచ్చే మెట్లు మూడే కాబట్టి అడ్డదూరం 4.5 మీటర్లు. అడుగు నుంచి పై అంచుకు గీత గీస్తే అది 53 డిగ్రీలు, 45 కాదు. మెట్టు వెడల్పు మూడు మీటర్లు చేస్తే అడ్డదూరం తొమ్మిదై మొత్తం వాలు 34 డిగ్రీలకు దిగుతుంది. మన ఉదాహరణలోని ఒకటికి రెండుంపావుకు మెట్టు నాలుగున్నర మీటర్లు కావాలి. మెట్టు పైభాగం కొద్దిగా లోపలివైపుకు వాలి, నీళ్ళు ఒక చివరకు పారేలా ఉండాలి. లేకపోతే ప్రతి మెట్టూ కింది మెట్టును నానబెడుతుంది.

తవ్వకం ఎప్పుడూ పై నుంచి కిందికి. అడుగున తొలిచి పైభాగం తనంతట తాను పడేలా చేయడం వేగంగా అవుతుందని చేస్తారు. అది నిషేధం, పైగా పడే పెళ్ళ ఎంత వెనక నుంచి విరుగుతుందో ముందు తెలియదు.

అంచుకు మూడు మీటర్ల లోపు చెట్టు, వదులు రాళ్ళు, మట్టి కుప్ప ఏదీ ఉండకూడదు. నిండు టిప్పరు 28 టన్నులు ఉంటుంది. దాన్ని అంచు నుంచి గుంత లోతంత దూరంలో నిలపండి. పొక్లెయిన్ చైన్లు అంచుకు సమాంతరంగా కాకుండా లంబంగా ఉండాలి, కదలిక కనిపిస్తే నేరుగా వెనక్కి రావచ్చు.

7. గట్టు చెప్పే గుర్తులు

అంచుకు సమాంతరంగా, గోడ ఎత్తులో సగం నుంచి ముప్పాతిక వంతు దూరంలో వచ్చే బీట మొదటి హెచ్చరిక. కర్నూలు నల్లరేగడిలో ఎండాకాలం నేలంతా బీటలే కదా అనిపిస్తుంది. తేడా ఇలా పట్టండి. ఎండకు వచ్చే నెర్రెలు వలలా అన్ని వైపులా వ్యాపిస్తాయి, రెండు పక్కలా నేల ఒకే మట్టంలో ఉంటుంది. జారబోయే బీట ఒకే వరసలో అంచు వెంబడి సాగుతుంది, గుంత వైపు నేల కాస్త కిందికి దిగి ఉంటుంది.

బీటకు రెండు పక్కలా మేకులు కొట్టి, తలల మధ్య దూరాన్ని రోజూ ఒకే సమయంలో కొలిచి రాయండి. మారకుండా ఉంటే వానల్లో రోజుకు రెండుసార్లు చూస్తే చాలు. నిన్నటి పెరుగుదల కంటే ఇవాళ్టిది ఎక్కువైతే ఆగకుండా మనుషులనూ, మెషీన్లనూ తప్పించండి, అంచు దగ్గరి ఇంటిని ఖాళీ చేయించండి. గోడ అడుగున ఉబ్బు, స్తంభం ఒరగడం, స్టే వైరు బిగుసుకోవడమో వదులవడమో, తలుపులు పట్టేయడం, ఏ కారణం లేకుండా గులకలు రాలుతూ ఉండటం కూడా అలాంటివే. వాన వెలిశాక ఒకటి రెండు రోజులు గోడ కింద పని పెట్టకండి. లోపలికి దిగిన నీళ్ళు ఆలస్యంగా పనిచేస్తాయి.

8. పాత గుంత ఇప్పటికే దగ్గరగా ఉంటే

అడుగు నుంచి ఒక్క తట్ట కూడా తీయకండి. వీలుంటే పై అంచును కోసి వాలు తగ్గించండి. వెనక కట్టడం ఉండి కోయడానికి చోటు లేకపోతే అడుగున రాయి నింపాలి. ముందు సన్న గులక పొర, దాని మీద 15 నుంచి 30 సెంటీమీటర్ల రాళ్ళు, గోడ ఎత్తులో మూడో వంతుకు తగ్గకుండా. చెత్త, మట్టి, బూడిద పోస్తే నీళ్ళు బయటికి రాక గోడ మరింత నానుతుంది. పైన అంచుకు వెనకగా మళ్ళింపు కాలువ తీసి, బీటలను బంకమట్టితో దట్టించి మూయండి. బీటలో నీళ్ళు నిలిస్తే ఆ నీళ్ళే పెళ్ళను ముందుకు తోస్తాయి.

గుంతలో నిలిచిన వాననీళ్ళను మోటారు పెట్టి ఒక్క రోజులో తోడేయడం మరో పెద్ద పొరపాటు. బయటి నీళ్ళు గోడను ఆనుకుని నిలబెడతాయి. అవి పోయి లోపలి నీళ్ళు మిగిలితే నానిన గోడకు ఆనిక ఉండదు. రోజుకు ఒక అడుగుకు మించి దించకండి, దించినన్నాళ్ళూ అంచును చూస్తూ ఉండండి.

కరెంటు స్తంభం ఒరిగితే ఎస్‌పీడీసీఎల్ సిబ్బందికి చెప్పి లైను ఆపించాకే దగ్గరకు వెళ్ళాలి. కట్ట, కాలువ అయితే జలవనరుల శాఖకు, తవ్వకం సంగతి గనుల శాఖకు, ఇళ్ళకు ముప్పు ఉంటే తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇవ్వండి. అర్జీకి మీ పటం, తేదీలున్న ఫొటోలు, మేకుల కొలతల పట్టిక జతచేయండి. డిసెంబరులో వానలు తగ్గాక మొత్తం కొలతలు ఇంకోసారి తీసి, అంచు ఎంత వెనక్కి జరిగిందో చూసి, ముగ్గు గీతను అంతే దూరం గుంత వైపుకు జరిపి మళ్ళీ గీయండి.